చిత్తూరు నాగయ్య

1960 ఏప్రిల్ 1 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగమై ఉండేది. ఆ జిల్లా పేరునే ఇంటిపేరుగా చేసుకొని దక్షిణ భారతమంతటా కీర్తి నార్జించిన మహానటుడు శ్రీ వి. నాగయ్య. అందుచేత ఆయన జీవితం ఈ సీమ తెలుగువారికి ప్రత్యేకించి ఆత్మీయమైనది.

నాగయ్యగారు 1904 మార్చి 28న గుంటూరు సీమలోని రేపల్లెలో జన్మించారు. పెరిగి పెద్దయి పేరు గడించినది చిత్తూరులో. గుమాస్తాగాను, పత్రికా విలేఖరిగాను పనిచేస్తూనే సంగీతాన్ని, నాటకాన్ని ఉపాసించారు. చిత్తూరు రామవిలాస సభ ఆయన కళకు పుట్టినిల్లు. 'సారంగధర' నాటకంలో చిత్రాంగి పాత్ర ధరించి ప్రేక్షకులను ముగ్ధులను చేశారు. మైకుల సహాయం లేని ఆనాటి రంగస్థలంపై అలవడిన స్పష్టమైన ఉచ్చారణ, గాత్రశుద్ధి ఆయనకు జీవితాంతం పెట్టుబడి అయ్యాయి.

హెచ్.ఎం. రెడ్డిగారి 'గృహలక్ష్మి' (1938)తో చిత్రసీమలో అడుగుపెట్టారు. పిమ్మట వాహినీ సంస్థ ఆయన ప్రతిభకు వేదిక అయింది. 'వందేమాతరం' (1939)లో నాయకుడై, 'సుమంగళి' (1940)లో వీరేశలింగం పంతులుగారిని తలపించే వృద్ధ సంస్కర్తగా కనిపించారు. నాయకపాత్రలతో పేరు వచ్చిన మరుసటి ఏడే ముసలి వేషం ధరించడానికి వెనుదీయకపోవడం ఆయన కళానిష్ఠకు తార్కాణం. తన పాటలు తానే పాడుకొనేవారు. పెక్కు చిత్రాలకు సంగీతం కూడా సమకూర్చారు. 'భక్త పోతన', 'త్యాగయ్య' (1946), 'యోగి వేమన' (1947) చిత్రాలతో తెలుగువారి మనస్సులలో ఆ మహనీయుల రూపాలు నాగయ్యగారి రూపంతోనే స్థిరపడిపోయాయి. 'త్యాగయ్య'కు దర్శకుడు, సంగీతకర్త కూడా ఆయనే. తమిళంలో 'అశోక్ కుమార్' (1941), ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారితో నటించిన 'మీరా' (1945) ఆయన పేరును ఇంటింటికీ చేర్చాయి.

సంపాదన ఎంత గొప్పదో దానగుణం అంతకు మించినది. అర్థించినవారికి లేదనడం ఆయన ఎరుగరు. లెక్క చూచుకోవడమూ ఎరుగరు. 'నా ఇల్లు' (1953), 'భక్త రామదాసు' (1964) వంటి చిత్రాలను స్వయంగా తలకెత్తుకొన్నారు. క్రమంగా సిరి తరలిపోయింది. ఒకప్పుడు చిత్రాన్నంతటినీ తన భుజాలపై మోసిన నటుడు తండ్రిగా, ఋషిగా, చిన్న చిన్న పాత్రలతో జీవనం సాగించవలసి వచ్చింది. అయినను ఆ పాత్రలను ఆయన చిన్నచూపు చూడలేదు. 'పాండురంగ మహాత్మ్యం' (1957)లో పుండరీకుని తండ్రి, 'లవకుశ' (1963)లో వాల్మీకి ఇందుకు సాక్ష్యం. కొద్దిసేపు కనిపించినా సన్నివేశానికి నిండుదనం తెచ్చారు.

1965లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదంతో గౌరవించింది. 1973 డిసెంబరు 30న మద్రాసులో నాగయ్యగారు పరమపదించారు. మద్రాసు త్యాగరాయనగరులోని పానగల్ పార్కులో ఆయన విగ్రహం నెలకొన్నది.

ధనాన్ని కాపాడుకొనే నేర్పు ఆయన జీవితంలో కొరవడిందన్నది సత్యం; దానికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. విద్యార్థులు ఆ జాగ్రత్తను నేర్వవలసినదే. కాని లేమిలోను తన వృత్తి యెడల గౌరవాన్ని సడలనీయని ఆ నిష్ఠను అంతకంటె ముందుగా నేర్వవలసి ఉన్నది.