డెస్‌గ్రాంజెస్ దొరగారును వంశావళియు

క్రొత్తవారిని చూడగానే మన పల్లెలలో ముందుగా నడుగునది వారి వంశమును గూర్చియే గదా. తెలుగున మొదట ముద్రింపబడిన సువార్తకును ప్రారంభము వంశావళియే. దానిని మన కొసంగినవారు అగస్టస్ డెస్‌గ్రాంజెస్ దొరగారు.

1805వ సంవత్సరమున లండను మిషను పక్షమున ఆయనయు, జార్జి క్రాను దొరగారును విశాఖపట్టణము చేరి తెలుగు నభ్యసించిరి. బ్రాహ్మణవంశమున బుట్టి క్రైస్తవుడైన ఆనందరాయరు వారికి తోడ్పడెను. 1809లో క్రాను దొరగారు ప్రభువునందు నిద్రించిరి. తోడు కోల్పోయియు డెస్‌గ్రాంజెస్ గారు పని విడువలేదు. 1810లో తామును కన్నుమూసిరి. ఆయన సిద్ధపరచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. ఆయన వానిని కన్నులార చూడలేదు.

మత్తయి వ్రాసిన వంశావళిలో అబ్రాహాము సంతతివారేగాక, కనాను స్త్రీయగు రాహాబును, మోయాబు స్త్రీయగు రూతును గలరు. పుట్టిన కులమును విడిచినవాడు, దూరదేశమునుండి వచ్చినవాడు, ఈ యిరువురే ఆ పేరులను తెనుగు చేసిరి. లూకా వంశావళియో ఆదామువరకు బోవును.

బాలబాలికలారా! మీ వంశమును ఎవరైన తక్కువచేసి యడిగిన తల వంచకుడు. ఎక్కువచేసి పొగడిన పొంగకుడు. ఆదాము పేరు చేరువరకు లెక్కించిన మనమందర మొక్క యింటివారమే.