చెట్ల పేరు అడిగి వ్రాసికొనిన వైద్యుడు



వేసవి వచ్చినదనగా మన వరంగల్లు ప్రాంతపు అడవి పల్లెలలో అనేక కుటుంబములు తునికాకు కోతకు పోవును. ఆ తునికి చెట్టును శాస్త్రగ్రంథములలో డయోస్పైరోస్ మెలనాక్సిలాన్ అందురు. మెలనాక్సిలాన్ అనగా గ్రీకు భాషలో నల్లకర్ర. ఆ పేరు పెట్టి 1795లో ప్రకటించినవాడు విలియం రాక్సుబర్గు అను వైద్యుడు. ఆయన జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచగోరుచున్నాము.

రాక్సుబర్గు 1751లో స్కాట్లాండులో జన్మించెను. ఎడింబరోలో వైద్యము, వృక్షశాస్త్రము నేర్చి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్నము వచ్చెను. ఆ కాలపు ఇంగ్లీషు మాటలు నేటి పిల్లలకు వింతగా తోచును. మందును, వైద్యవిద్యను ఫిజిక్ అనిరి. నేడు మన పిల్లలు ఫిజిక్సు అని చదువుదానిని న్యాచురల్ ఫిలాసఫీ అనిరి. చెట్లను, జంతువులను, రాళ్లను గూర్చిన విద్య న్యాచురల్ హిస్టరీ. ఇక్కడ హిస్టరీ అనగా రాజుల చరిత్ర కాదు; విచారించి తెలిసికొనుట అని దాని మూలార్థము. సైంటిస్టు అను మాట 1833లో గాని పుట్టలేదు. రాక్సుబర్గు ఆ మాటను ఎన్నడును వినలేదు. అయితే విచారించి తెలిసికొనుట అనునది ఆయనకు జీవితకాలపు పని ఆయెను.

1781లో ఆయన గోదావరి ప్రాంతమున సామర్లకోటకు వచ్చి, అచ్చట తోట వేసి, మిరియాలు, నీలి, చెరకు మొదలగువాటిని పెంచి చూచెను. దినదినము వాతావరణమును లెక్క వ్రాసెను. తరంగంబాడి లూథరన్ మిషనుకు వైద్యుడుగా వచ్చిన కోనిగ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆయనకు స్నేహితుడు. 1785లో కాకినాడయొద్ద జగన్నాథపురములో కోనిగ్ మరణించినప్పుడు చివరి దినములలో రాక్సుబర్గు ఆయనను దర్శించెను. 1787లో సముద్రపు ఉప్పెన వచ్చి రాక్సుబర్గు పుస్తకములను, కాగితములను కొట్టుకొని పోయెను. ఎన్నో యేండ్ల ప్రయాస ఒక్కసారిగా పోయినను, ఆయన మరల మొదటినుండి వ్రాయ నారంభించెను.

ఏ చెట్టునైనను చూచినప్పుడు అచ్చటి జనులు దానినేమందురో అడిగి, ఆ పేరును గూడ వ్రాసికొనుట ఆయన అలవాటు. మన భాషను ఆనాటి ఇంగ్లీషువారు జెంటూ అనియు తెలింగ అనియు పిలిచిరి. ఆయన గ్రంథములలో లాటిను పేరు ప్రక్కనే తెలింగ పేరు ఉండును. రాజమహేంద్రవరపు కొండలలో సోమిద చెట్టు బెరడు జ్వరమునకు పనికివచ్చునని ఆయన తలంచెను. ఆ కాలమున జ్వరమునకు సింకోనా బెరడు దక్షిణ అమెరికానుండి రావలసియుండెను; బీదలకు అది దొరకునది కాదు. సోమిద బెరడును పరీక్షించుటకు ఎడింబరోకు పంపిరి. సింకోనా స్థానము దానికి దక్కలేదు గాని పేరు నిలిచెను. 1830లో ఒక ఫ్రెంచి పండితుడు ఆ చెట్టుకు సోయ్‌మిడా అని జాతినామముంచెను. మన పల్లెమాట ఆ విధముగా లోకమంతటి పుస్తకములలో చేరెను.

1790 తరువాత ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు కలిగినప్పుడు, కాలువగట్లను కొబ్బరి, తాటి, పనస, అరటి నాటించినయెడల వానలు తప్పినను జనులకు ఆహారముండునని ఆయన కంపెనీవారికి వ్రాసెను. అయినను ఆయనను దేవదూతగా చిత్రింపము. ఆయన కంపెనీ ఉద్యోగి. కంపెనీవారు లాభమును కోరిరి. ఆయన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము 1795 మొదలుకొని మూడు సంపుటములుగా, 300 పటములతో వెలువడెను. ఆ పటములు వ్రాసినవారు మన దేశపు చిత్రకారులు. చెట్ల పేర్లు అచ్చైనవి గాని వారి పేర్లు అచ్చుకాలేదు.

1793లో ఆయన కలకత్తా తోటకు అధికారియై వెళ్లెను. అచ్చట శ్రీరాంపురపు విలియం కేరీతో స్నేహము కలిగెను. బైబిలు తర్జుమా చేసిన కేరీగారిని మీరెరుగుదురు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆయన ముద్రాలయమునుండియే వచ్చెను. ఆయన మొక్కలయందును మిక్కిలి ప్రీతిగలవాడు. రాక్సుబర్గు ఒక చెట్టుకు కేరియా అని స్నేహితుని పేరు పెట్టెను. అది మన అడవులలోని కుంభి చెట్టే. 1815లో రాక్సుబర్గు స్కాట్లాండులో మరణించిన తరువాత, ఆయన విడిచిన ఫ్లోరా ఇండికా అను వ్రాతలను కేరీ 1820 మొదలు శ్రీరాంపురమున అచ్చువేయించెను.

ఆదికాండము రెండవ అధ్యాయములో దేవుడు జంతువులను ఆదాము నొద్దకు రప్పించి, అతడు వాటికేమి పేరు పెట్టునో చూచెనని చదువుచున్నాము. పేరు పెట్టుటకు ముందు ఎదుటనున్నదానిని నిదానించి చూడవలెను. ఆ పని మన పెద్దలు మనకంటె ముందు చేసిరి. ఏ చెట్టు బెరడు ఏ నొప్పికో, ఏ ఆకు పశువులకు కీడో, ఏ దుంప కరవున తినదగినదో వారి పేర్లలోనే ఉన్నది. అవి పుస్తకమెక్కనివి. ఒక ముసలితల్లి కన్ను మూసినప్పుడు వాటిలో కొన్ని ఆమెతోకూడ సమాధిలోనికి పోవుచున్నవి. మన పిల్లలు లాటిను పేర్లు నేర్చుకొనుట మంచిదే. ఇంటిపేర్లు మరచుట నష్టము.

కాబట్టి మేము సంఘములకు చేయు మనవి యేమనగా, ఆదివారపు బడి పిల్లలు ఒక్కొక్కరు ఒక నోటు పుస్తకము తీసికొని, తమ ఇంటి పెద్దలను అడిగి, ఊరి చుట్టునున్న చెట్ల పేర్లను, వాటి ఉపయోగమును వ్రాయవలెను. చెప్పిన పెద్దవారి పేరును గూడ ప్రక్కనే వ్రాయుడి. రాక్సుబర్గు చిత్రకారులకు జరిగినట్లు వారికి జరుగకూడదు. సృష్టికర్తయైన దేవుడు ఈ చిన్న పనిని దీవించును గాక. ఆమేన్.