కండకు శక్తి ఎక్కడిదో చెప్పిన భీమవరం బిడ్డ

నేల మీద కూర్చున్న అమ్మ గోడ పట్టుకుని లేస్తోందంటే మోకాళ్లు అరిగాయనుకుంటాం. చాలాసార్లు తొడ కండ కూడా తగ్గి ఉంటుంది. లేచే ఆ క్షణంలో కండకు శక్తి ఎలా అందుతుందో తేల్చినవారిలో ఒకరు మన తెలుగువారే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఫలితంగా ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ వ్యాధితో సోదరులు చనిపోయారు. ఆయన మాత్రం ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డారు.

1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించారు. దాంతో కండరాలను పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.

ఏటీపీ చేతిలోని చిల్లర అనుకుంటే, ఫాస్ఫోక్రియాటిన్ పోపుల డబ్బాలో దాచిన నోటు. చిల్లర రెండు మూడు సెకన్లలో ఖర్చవుతుంది. కుర్చీలోంచి లేచినా, మెట్టెక్కినా ముందు ఆదుకునేది ఆ నోటే. కండ తగ్గితే ఆ నిల్వా తగ్గుతుంది.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు ఇప్పటికీ వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ ఆయన బృందం ఇచ్చినవే. ఈనాడు కీళ్లవాతానికి కూడా రాస్తున్న మెథోట్రెక్సేట్ మూలాలూ అక్కడివే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు. ఇక్కడ ఎదురుచూసిన భార్య శేషగిరి దగ్గరికి తిరిగి రానేలేదు.

నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ పడిపోతుంది, కండ కరగడం వేగమవుతుంది. హార్మోన్ చికిత్స వేడి ఆవిర్లను తగ్గిస్తుంది, ఎముకను కాపాడుతుంది. కేవలం కండ కోసం దాన్ని రాయం. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు వచ్చినవారికి సాధారణంగా ఇవ్వం. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా ఇవ్వాలి. నెలసరి ఆగిన పదేళ్లలోపు, 60 ఏళ్లు దాటకముందు మొదలుపెడితే ప్రమాదం తక్కువ.

కండకు అసలు మందు బరువు మోసే వ్యాయామమే. మా గోదావరిఖనిలో తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు డబ్బా కట్టే తల్లులు, రోజంతా పనే కదా, మళ్లీ వ్యాయామం ఎందుకంటారు. ఇంటిపనిలో అలుపు ఉంటుంది గానీ, కండకు క్రమంగా పెరిగే బరువు దొరకదు. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవండి. నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు ఎత్తండి. వారానికి కనీసం రెండు రోజులు చేస్తూ, మెల్లగా బరువు పెంచండి. పూటపూటా పప్పు, పెరుగు, గుడ్డు, చేపల్లో ఏదో ఒకటి తినండి. కిడ్నీ జబ్బున్నవారు మాంసకృత్తులు పెంచేముందు డాక్టర్‌ను అడగాలి. క్రియాటిన్ పొడులు ఎవరూ సొంతంగా కొనుక్కుని వాడొద్దు.