ఇరు దేశాల పాఠకులకు దొరికిన రచయిత ఇబ్నె సఫీ

ఉర్దూ పాఠకులకు జూలై 26 రెండు విధాలుగా గుర్తుండే తేదీ. అపరాధ పరిశోధన నవలల రచయిత ఇబ్నె సఫీ 1928లో ఆ రోజునే జన్మించారు. 1980లో సరిగ్గా ఆ రోజునే కన్నుమూశారు. యాభై రెండేళ్ల ఆ జీవితంలో ఇరవై ఎనిమిదేళ్లు నవలా రచనకే అంకితమయ్యాయి. రెండు నవలామాలికల్లో కలిపి ఆయన రాసినవి 240కి పైగా ఉన్నాయి. ఇన్ని నవలలున్న రచయితను వరుస ప్రకారం మొదటి పుస్తకంతో ప్రారంభించే అదృష్టం చాలా కొద్దిమందికే దక్కుతుంది. అన్నయ్య దిండు కింద దొరికిందో, రైలు ప్రయాణంలో పక్కసీటు వారు మరచిపోయి వెళ్లిందో, అద్దె పుస్తకాల దుకాణంలో మిగిలిందో, ఏది చేతికి వస్తే అదే ఆ పాఠకుడికి మొదటి పుస్తకం. ఇబ్నె సఫీ కూడా చదువరిగా ఇలాగే మొదలయ్యారు.

ఆయన అసలు పేరు అస్రార్ అహ్మద్. జన్మస్థలం అలహాబాదు జిల్లాలోని నారా గ్రామం. ఏడెనిమిదేళ్ల వయసులో ఇంట్లో ఉన్న తిలిస్మె హోష్‌రుబా మొదటి సంపుటం ఆ బాలుడి కంటపడింది. మాంత్రికులు, మాయానగరాలు, వేషాలు మార్చి శత్రువును బోల్తా కొట్టించే అయ్యార్లతో నిండిన బృహత్కథ అది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం దానిని అచ్చువేసింది. పారసీ పదాలతో బరువెక్కిన ఆ భాష అంత చిన్న పిల్లవాడికి సగం కూడా అర్థమై ఉండదు. అయినా వదలలేదు. ఏడు సంపుటాలనూ తిరగేసి మరగేసి చదివాడు. ఆ తరువాత రైడర్ హాగర్డ్ నవలల ఉర్దూ అనువాదాలు చేతికి వచ్చాయి. ఒకవైపు తూర్పు దేశపు ఇంద్రజాలం, మరోవైపు ఆఫ్రికా అడవుల్లో ఆంగ్ల రచయిత అల్లిన సాహసం. ఈ రెండూ ఆ పసి మనసులో కలగలిసిపోయాయి. నలభై ఏళ్లు వచ్చాక రాసిన నవలల్లో సైతం ఆ కలగలుపు జాడలు కనిపిస్తాయి.

ఏడో తరగతి చదువుతుండగానే రాసిన నాకామ్ ఆర్జూ అనే కథను బొంబాయిలోని షాహిద్ వారపత్రికకు పంపారు. సంపాదకుడు ఆదిల్ రషీద్ రచయిత వయసును ఊహించలేకపోయారు. పేరున్న పెద్ద రచయితకు తగిలించవలసిన బిరుదుతో ఆ కథను అచ్చువేశారు. ఇంట్లో వాళ్లకు అది చాలాకాలం వేళాకోళానికి పనికివచ్చింది.

అలహాబాదులో ఉన్నత పాఠశాల, కళాశాల చదువులు సాగాయి. బి.ఏ. పట్టా మాత్రం ఆగ్రా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఆయన అస్రార్ నారవీ అనే పేరుతో గజళ్లు రాసే కవి. తుగ్రల్ ఫర్గాన్ అనే మరో పేరుతో హాస్య వ్యంగ్య రచనలు చేసేవారు. 1948లో అబ్బాస్ హుసైనీ స్థాపించిన నకహత్ ప్రచురణ సంస్థలో కవితా విభాగం బాధ్యత ఆయనకు దక్కింది. పగలు బడిపంతులు ఉద్యోగం, సాయంత్రం స్నేహితుల గోష్ఠి. ఆ మిత్రబృందంలో అనంతరకాలంలో దూరదర్శన్ మహాభారత్‌కు సంభాషణలు రాసిన రాహీ మాసూమ్ రజా ఉన్నారు. కవి ముస్తఫా జైదీ కూడా ఉన్నారు.

ఉర్దూ పాఠక సమూహం అభిరుచి గురించి ఒకనాటి గోష్ఠిలో వాదన రేగింది. శృంగారం చొప్పించిన చవకబారు పుస్తకాలు తప్ప జనం మరేదీ కొనరని ఒకరు తేల్చారు. అస్రార్ ఒప్పుకోలేదు. ఆ ప్రవాహానికి ఎవరూ అడ్డుకట్ట వేయలేదు కనుకే అది పారుతోందని, అంత ఆసక్తికరమైనది మరొకటి ఎదురుగా పెడితే పాఠకుడు దానినే అందుకుంటాడని ఆయన నమ్మకం. అందుకు ఆయన ఎంచుకున్న మార్గం అపరాధ పరిశోధన. ఉర్దూకు ఆ ప్రక్రియ పూర్తిగా కొత్తదేమీ కాదు. జఫర్ ఉమర్ నవల నీలీ ఛత్రీ, తీర్థరామ్ ఫిరోజ్‌పూరీ అనువాదాలు అప్పటికే పాఠకులకు తెలుసు. నెలనెలా ఠంచనుగా వస్తూ, స్వదేశీ పాత్రలతో నడిచే నవలామాలిక మాత్రం కొత్త ఆలోచన. అబ్బాస్ హుసైనీ దానికి పెట్టుబడి పెట్టారు.

1952 మార్చిలో జాసూసీ దునియా మొదటి నవలగా దిలేర్ ముజ్రిమ్ వెలువడింది. కథావస్తువు ఆంగ్ల రచయిత విక్టర్ గన్‌ది. పరిశోధకుడు ఫరీదీ, అతని సహాయకుడు హమీద్ మాత్రం ఇబ్నె సఫీ సొంత సృష్టి. తొలిదశలో తాను ఏయే నవలలకు పరాయి కథావస్తువు తీసుకున్నదీ అనంతరం ఒక పుస్తకం ముందుమాటలో ఆయనే బయటపెట్టారు. అనుకరణను గుట్టుగా దాచుకోవడమే ఆనవాయితీగా ఉన్న రంగంలో అటువంటి నిజాయితీ అరుదు.

కలం పేరు వెనుక ఒక ఇంటి కథ ఉంది. ఇబ్నె సఫీ అంటే సఫీ కుమారుడు అని అర్థం. తండ్రి సఫీవుల్లా దేశవిభజన నాడే కరాచీ వెళ్లిపోయారు. కొడుకు అలహాబాదులో ఉండి, సరిహద్దు ఆవల ఉన్న తండ్రి పేరును ముఖపత్రం మీదకు ఎక్కించాడు. నవలామాలిక ఊపందుకుంటున్న సమయంలో, 1952 ఆగస్టులో, తల్లినీ చెల్లెలినీ వెంటబెట్టుకుని తానూ కరాచీకి తరలిపోయారు.

సాధారణంగా అయితే రచయితకూ పాఠకులకూ సంబంధం అక్కడితో తెగిపోవాలి. ఇక్కడ అలా జరగలేదు. కరాచీలో రాసిన ప్రతి అలహాబాదుకు చేరేది, అబ్బాస్ హుసైనీ అచ్చువేసేవారు. పాకిస్తాన్‌లో విడిగా ముద్రణ సాగేది. కొన్నేళ్లకు ఇబ్నె సఫీ అక్కడ సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. ఫరీదీ ఏ దేశపు అధికారి అన్నది నవలల్లో ఎక్కడా స్పష్టంగా ఉండదు. నగరానికి పేరుండదు, పొరుగు రాజ్యాల పేర్లు కల్పితాలు. లక్నో పాఠకుడు అది తన ఊరే అనుకున్నాడు, లాహోర్ పాఠకుడూ అలాగే అనుకున్నాడు. రెండు దేశాల మధ్య మాటలు కరువైన కాలంలో ఒకే నవల ముగింపు కోసం ఇరువైపులా ఎదురుచూశారు.

ఆ పుస్తకాలు పాఠకుడిని చేరిన తీరు కూడా చెప్పుకోదగినదే. చాలామంది వాటిని కొనలేదు. వీధిచివర దుకాణంలో రోజుకు ఇంత అని చిల్లర చెల్లించి అద్దెకు తెచ్చుకున్నారు. గడువు లోపల ఇంటిల్లిపాదీ చదవాలి. పెద్దల దృష్టిలో అది చెడిపోయే చదువు కనుక పిల్లలు పాఠ్యపుస్తకం మధ్య దాచుకుని చదివేవారు. తమాషా ఏమిటంటే ఆ పెద్దలూ రహస్యంగా చదివేవారు. వంద చేతులు మారి వచ్చిన ప్రతిలో మొదటి పుటో, చివరి పుటో ఊడిపోయి ఉండేది. హంతకుడెవరో తెలియకుండానే ఇబ్నె సఫీకి అభిమానులైన వారు ఉన్నారంటే అతిశయోక్తి కాదు.

హిందీ పాఠకులకు ఆయన మరో రూపంలో దొరికారు. అలహాబాదు నుంచే వెలువడిన హిందీ ప్రతుల్లో ఫరీదీ పేరు వినోద్‌గా, ఇమ్రాన్ పేరు రాజేశ్‌గా మారింది. హమీద్ మాత్రం హమీద్‌గానే మిగిలాడు. వినోద్‌ను ఆరాధిస్తూ పెరిగిన హిందీ పాఠకులు ఎందరికో అతని అసలు పేరు చాలా ఆలస్యంగా తెలిసింది.

హైదరాబాదు సంగతి వేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1948 వరకు బోధన ఉర్దూలోనే సాగింది. అక్కడ చదువుకున్న తెలుగువారికి ఆ లిపి పరాయిది కాదు. ఉర్దూ రాని తెలుగు పాఠకులకు ఆ దశాబ్దాల్లోనే కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు దొరికారు. అద్దె పుస్తకాల దుకాణం, దిండు కింద దాపరికం, పెద్దల చీవాట్లు ఇక్కడా అవే. ఆ తరం తెలుగు పాఠకులకు ఇబ్నె సఫీ అభిమానుల ముచ్చట్లు విడమరచి చెప్పనక్కరలేదు.

1955 ఆగస్టులో రెండో నవలామాలిక ప్రారంభమైంది. దాని నాయకుడు అలీ ఇమ్రాన్. పైకి వట్టి వెర్రిబాగులవాడు. తండ్రి చేత తిట్లు తింటాడు, వంటవాడితో వాదులాడుతాడు, పొంతనలేని దుస్తులు ధరిస్తాడు. ఎక్స్‌టూ పేరుతో రహస్య పరిశోధన సంస్థను నడిపే అజ్ఞాత అధిపతి అతడే. ఫోనులో ఎక్స్‌టూ గొంతు వింటే వణికిపోయే సిబ్బంది, ఎదురుగా నిలబడ్డ ఇమ్రాన్‌ను చూసి నవ్వుకుంటారు. పాఠకుడికి మాత్రం అసలు సంగతి తెలుసు. ఈ చిన్న ఏర్పాటే ఇమ్రాన్ సిరీస్‌కు ప్రాణం పోసింది.

ఆ వరుసలో మొదటిది ఖౌఫ్‌నాక్ ఇమారత్, అంటే భయంకర భవనం. పాడుబడిన ఇంట్లో శవాలు దొరుకుతాయి. ప్రతి శవం మీదా సమాన దూరంలో మూడు కత్తిపోట్లు. దయ్యాల కొంపగా పేరుపడిన ఆ ఇంట్లోకి ఇమ్రాన్ పిచ్చి వేషాలు వేస్తూనే అడుగుపెడతాడు. పాఠకుడు ఒక పుటలో వణుకుతాడు, మరుసటి పుటలో నవ్వుతాడు. భయాన్నీ నవ్వునూ ఒకే గదిలో కూర్చోబెట్టడంలో ఇబ్నె సఫీకి సాటి వచ్చినవారు తక్కువ. భయానికి కారణం చివరికి మనిషి స్వార్థమేనని, దయ్యం కాదని ఆయన తేలుస్తారు. తిలిస్మె హోష్‌రుబాతో మొదలైన బాలుడు మంత్రాన్ని వదిలేసి మాయను మాత్రం ఉంచుకున్నాడని చెప్పవచ్చు. అన్ని నవలలూ ఈ స్థాయిలో లేవు. నెలనెలా గడువుకు అందించవలసిన రచనలో తొందరపాటు కొన్నిచోట్ల తెలిసిపోతుంది.

ఆ వేగానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1960లో ఇబ్నె సఫీ తీవ్రమైన మానసిక అనారోగ్యానికి గురయ్యారు. మూడేళ్లు కలం కదలలేదు. నవల కోసం ఎదురుచూసే జనం ఉన్నారు, రాసే మనిషి లేరు. ఆ ఖాళీలోకి నకిలీలు చొరబడ్డారు. ఎన్. సఫీ, నజ్మా సఫీ వంటి పేర్లతో, ఒక అక్షరం అదనంగా చేర్చిన ఇబ్బ్‌నె సఫీ పేరుతో పుస్తకాలు పుట్టుకొచ్చాయి. వాటిలో ఆయన పాత్రలనే నడిపించారు. అప్పుడే చదవడం మొదలుపెట్టిన పిల్లలకు ఇబ్నె సఫీ అనుకుని అందుకున్న తొలి పుస్తకం నకిలీది అయ్యే ప్రమాదం ఏర్పడింది. పాత పాఠకులు నాలుగు పుటలు తిప్పి పక్కన పెట్టేవారు. కొత్తవారికి ఆ తేడా ఎవరు చెప్పాలి?

కరాచీకి చెందిన హకీం ఇక్బాల్ హుసేన్ చికిత్సతో ఇబ్నె సఫీ 1963 నాటికి కోలుకున్నారు. అదే ఏడాది నవంబరు 25న ఇమ్రాన్ సిరీస్ నవల డేఢ్ మత్‌వాలే విడుదలైంది. భారతదేశంలో దానిని ఆవిష్కరించినవారు లాల్ బహదూర్ శాస్త్రి. అప్పటికి కొద్ది నెలల ముందే ఆయన కేంద్ర హోంమంత్రి పదవికి రాజీనామా చేశారు, మరుసటి ఏడాది ప్రధానమంత్రి అయ్యారు. పాకిస్తాన్‌లో స్థిరపడిన రచయిత అపరాధ పరిశోధన నవలను భారత జాతీయ నాయకుడు ఆవిష్కరించడం ఈనాటి పాఠకులకు వింతగా తోచవచ్చు. వారం రోజుల్లోనే రెండో ముద్రణ వేయవలసి వచ్చింది.

పునరాగమనం తరువాత మరో పదహారేళ్లు రాశారు. 1974లో ఆయన నవల ఆధారంగా ధమాకా అనే చలనచిత్రం పాకిస్తాన్‌లో వచ్చింది. ఇంత ఆదరణ ఉన్నా ఉర్దూ సాహిత్య విమర్శకులు ఆయనను గుమ్మంలోకి రానివ్వలేదు. కాలక్షేపపు రచన అన్న ముద్ర వేసి సాహిత్య చరిత్రల్లో చోటివ్వలేదు. ఉర్దూ చదవడం తమకు అలవాటు చేసింది ఇబ్నె సఫీయేనని చెప్పుకునే పాఠకులు మాత్రం తరగలేదు. సినీరచయిత జావేద్ అఖ్తర్ తన మీద ఆయన ప్రభావాన్ని బహిరంగంగానే అంగీకరించారు.

ఉర్దూ విమర్శలో ఎంతో పెద్దపేరు గల షమ్సుర్ రహ్మాన్ ఫారూఖీ జాసూసీ దునియా నవలలు నాలుగింటిని ఆంగ్లంలోకి అనువదించారు. చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థ 2011లో వాటిని ప్రచురించింది. ఒకప్పుడు మూసిన తలుపు ఇలా విమర్శకుడి చేతనే తెరుచుకుంది. అంతకు కొద్దికాలం ముందే ఖౌఫ్‌నాక్ ఇమారత్‌కు బిలాల్ తన్వీర్ చేసిన ఆంగ్లానువాదం మన దేశంలో వెలువడింది. ఉర్దూ లిపి తెలియని కొత్తతరం ఇమ్రాన్‌ను మొదటి నవలతోనే కలుసుకునే వీలు ఇప్పుడు కలిగింది.

1979 చివరి నెలల్లో మొదలైన కడుపునొప్పి క్లోమ క్యాన్సర్‌గా తేలింది. ఇబ్నె సఫీ రాయడం మానలేదు. 1980 జూలై 26 తెల్లవారుజామున కరాచీలో మరణించారు. పాపోష్ నగర్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. పడక పక్కన ఇమ్రాన్ సిరీస్ నవల ఒకటి అసంపూర్ణంగా మిగిలింది. దాని పేరు ఆఖ్రీ ఆద్మీ, అంటే ఆఖరి మనిషి.