పార్లమెంటు పగ్గాలు పట్టిన సంగం జాగర్లమూడి వాసి

గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే రైలు దారిలో సంగం జాగర్లమూడి స్టేషను వుంది. పాల డెయిరీ పేరులోని సంగం ఈ వూరిదే. 1912 ఆగస్టు 6న ఈ గ్రామంలో పుట్టిన కొత్త రఘురామయ్య ఆ తరువాత ఢిల్లీలో లోక్‌సభ వ్యవహారాలన్నీ చక్కబెట్టే మంత్రి అయ్యారు. 1952 నుంచి 1977 దాకా దేశంలో ఆరుసార్లు సాధారణ ఎన్నికలు జరిగితే, ఆరింటిలోనూ గెలిచారు. మొదటిసారి తెనాలి నుంచి, తరువాత వరుసగా అయిదుసార్లు గుంటూరు నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

అయినా ఆయన ఏం పని చేశారని నేటి యువకులను అడిగితే చెప్పగలవారు తక్కువే. అందులో వింత లేదు. ఆయన చేసిన పని పదిమంది కంట పడేది కాదు. సభలో గంటల తరబడి ప్రసంగించేవారి పేర్లు మర్నాడు పేపర్లలో వస్తాయి. ఆ ప్రసంగానికి వేళ కేటాయించినవారు, ఓటింగు నాటికి సభ్యులను ఢిల్లీలో వుండేట్టు చూసినవారు, మంత్రి ఇచ్చిన మాట ఏమయిందో ఆరా తీసినవారు వార్తలకు ఎక్కరు. రఘురామయ్య ప్రజలు ఎన్నుకున్న మనిషే. కాని తోటి సభ్యులకు, సభకు తోడుగా నిలబడి పని నడిపించడమే ఆయన బాధ్యత అయింది.

చదువు, చట్టం

రఘురామయ్య పల్లెటూరి రైతు ప్రాంతం నుంచి బయలుదేరి లక్నో విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అక్కడి నుంచి లండను వెళ్ళి మిడిల్ టెంపుల్‌లో బారిస్టరు పరీక్ష పూర్తి చేశారు. తిరిగి వచ్చాక ప్రభుత్వ న్యాయశాఖలో ఉద్యోగం చేశారు. చట్టంలో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎవరి పొలం ఎవరికి పోతుందో తెలిసిన చదువది. రాజకీయాల్లోకి వచ్చాక ఆయనకు అక్కరకు వచ్చింది కూడా అదే.

1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. తెనాలి నియోజకవర్గం నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా నిలబడి గెలిచారు. ఆనాటి పార్లమెంటు సభ్యుని జీవితం నేటి మాదిరి కాదు. 1954లో చేసిన చట్టం ప్రకారం జీతం నెలకు 400 రూపాయలు, సభ జరిగే రోజుల్లో రోజుకు 21 రూపాయల భత్యం. సహాయకుణ్ణి పెట్టుకోడానికి వేరే సొమ్మంటూ ఆ చట్టంలో లేదు. నియోజకవర్గం నుంచి వచ్చే వుత్తరాలకు జవాబులు, ప్రశ్నలకు నోటీసులు, శాఖల చుట్టూ తిరగడం అన్నీ చాలామంది సభ్యులు సొంతంగా చూసుకోవలసిందే. అందువల్ల చట్టం చదివి, కాగితం రాయగల మనిషికి సభలో విలువ వుండేది.

మంత్రులకు తోడుగా

1957లో ఆయన గుంటూరుకు మారారు. తెనాలిలో ఆ సారి నిడుబ్రోలు వాసి ఆచార్య రంగా గెలిచారు. ఆ యేడే నెహ్రూ ప్రభుత్వంలో రఘురామయ్యకు రక్షణశాఖ ఉపమంత్రి పదవి వచ్చింది. పెద్ద మంత్రి కృష్ణ మీనన్. ఉపమంత్రి అంటే నిర్ణయాలు తనవి కావు, జవాబులు మాత్రం తనవి. పెద్ద మంత్రి లేనప్పుడు సభలో లేచి ప్రశ్నలకు బదులు చెప్పాలి. ఎదుటివారు గుచ్చి గుచ్చి అడిగినా ఫైలులో వున్న దానికి మించి ఒక్క మాట జారకూడదు.

1962లో చైనా దాడితో కృష్ణ మీనన్ పదవి వదులుకోవలసి వచ్చింది. సైన్యానికి కావలసిన ఆయుధాలు, సరంజామా ఇక్కడే తయారు చేసుకోవాలని ఆ నవంబరులో రక్షణ ఉత్పత్తులకు ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. ఆ పని రఘురామయ్య చేతికి వచ్చింది. తరువాతి యేళ్ళలో సరఫరాల శాఖ, పెట్రోలియం, రసాయనాల శాఖలలో పనిచేశారు. 1969లో పార్లమెంటరీ వ్యవహారాల శాఖ, దానితో పాటు నౌకాయాన, రవాణా శాఖ ఆయనకు ఇచ్చారు.

ఆ శాఖ పని ఏమిటి?

పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1949లో పుట్టింది. ఈ శాఖ రోడ్లు వెయ్యదు, నిధులు పంచదు. మన డెల్టా రైతులకు కాలువ లస్కరు సంగతి తెలుసు. నీళ్ళలో ఒక్క చుక్క కూడా అతనిది కాదు. కాని ఏ లాకు ఎప్పుడు ఎత్తాలో, ఏ కాలువకు ఎన్నాళ్ళు వంతో అతను చూడకపోతే చివరి భూములకు తడి అందదు. సభలో ఆ శాఖ మంత్రి పని అలాంటిది.

వచ్చే వారం సభ ముందుకు ఏ ప్రభుత్వ బిల్లులు వస్తాయో సభకు చెప్పేది ఈ మంత్రి. ప్రతిపక్ష నాయకులతో కూర్చుని, ఏ చర్చకు ఎన్ని గంటలో ఒక అంగీకారానికి తేవాలి. స్వపక్ష సభ్యులకు విప్‌లు పంపాలి. విప్ కాగితంలో విషయం కింద ఒక గీత వుంటే సంగతి తెలియజేసినట్టు, రెండు గీతలుంటే సభలో వుండమన్నట్టు, మూడు గీతలుంటే ఎన్ని పనులున్నా వచ్చి పార్టీ చెప్పినట్టు ఓటు వేసి తీరాలన్నట్టు.

ఇంకొక పని పల్లె జనానికి దగ్గరిది. ఫలానా వంతెన సంగతి చూస్తాం, ఫలానా ధర విషయం పరిశీలిస్తాం అని మంత్రులు సభలో మాట ఇస్తూ వుంటారు. ఆ మాటలన్నీ ఏరి, ఆయా శాఖలకు పంపి, ఏమయిందో తిరిగి సభకు తెలిపే బాధ్యత ఈ శాఖదే. 1953 నుంచి లోక్‌సభలో దీనిపై కన్నువేసి వుంచే సభ్యుల సంఘం కూడా వుంది. ఇచ్చిన మాట గాలికి పోకుండా చూసే ఏర్పాటు ఇది.

ఒక్క ఓటు విలువ

రఘురామయ్య ఈ బాధ్యత తీసుకున్న యేడే కాంగ్రెసు ఇంట్లో నిప్పు రాజుకుంది. 1969 జులైలో బ్యాంకుల జాతీయకరణ జరిగింది. ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, వి.వి.గిరి చేతిలో ఓడారు. నవంబరులో పార్టీ రెండుగా చీలింది. సభలో ఇందిరాగాంధీ పక్షం బలం సగానికి తగ్గింది. ప్రతి ఓటింగుకూ కమ్యూనిస్టులో, డి.ఎం.కె. వారో, ఇంకొకరో తోడు రావాలి. అలాంటి సభలో తలలు లెక్కపెట్టే పని అంటే నిద్ర పట్టే పని కాదు.

1970 సెప్టెంబరులో పాత సంస్థానాధీశులకు ఇచ్చే రాజభరణాలు రద్దు చేసే బిల్లు వచ్చింది. రాజ్యాంగాన్ని సవరించే బిల్లు కనుక, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు అనుకూలంగా వుండాలి. సెప్టెంబరు 2న లోక్‌సభలో ఓటింగు జరిగింది. బిల్లు గట్టెక్కింది. మూడు రోజుల తరువాత రాజ్యసభకు వెళ్ళింది. అక్కడ అనుకూలం 149, వ్యతిరేకం 75.

లెక్క వేసి చూడండి. మొత్తం 224 ఓట్లు. అందులో మూడింట రెండు వంతులంటే 149 మీద మూడోవంతు. మనిషిలో మూడోవంతు వుండదు కనుక 150 కావాలి. ఇంకొక్కరు అవునన్నా బిల్లు నెగ్గేది. కాదన్నవారిలో ఒక్కరు ఓటు మానుకున్నా నెగ్గేది. ఒక్క మనిషి తేడాతో దేశమంతా ఎదురుచూసిన బిల్లు వీగిపోయింది. రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు రద్దు చేస్తే, ఆ డిసెంబరు 15న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే నెల 27న లోక్‌సభ రద్దయింది. 1971 ఎన్నికల్లో ఇందిరాగాంధీ పక్షానికి 352 స్థానాలు వచ్చాయి. ఆ యేడే రాజభరణాలు పోయాయి. పంచాయతీ ఎన్నికల్లో ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అని ఇంట్లో కూర్చునేవారు ఈ లెక్క గుర్తు పెట్టుకోవడం మంచిది.

ప్రశ్నలు ఆగిన రోజు

1971 ఎన్నికల తరువాత ఆ శాఖను కొంతకాలం రాజ్ బహదూర్ చూశారు. ఆపైన మళ్ళీ రఘురామయ్యకే వచ్చింది. దానితో పాటు పనులు, గృహనిర్మాణ శాఖ కూడా చేరింది. 1977 దాకా ఆ కుర్చీలో ఆయనే వున్నారు. ఆయన జీవితంలో అన్నిటికన్నా బరువైన ఘట్టం ఆ కాలంలోనే జరిగింది.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి విధించారు. ప్రతిపక్ష నాయకులు చాలామంది జైళ్ళలో వుండగానే జులై 21న పార్లమెంటు సమావేశమయింది. ఆ సమావేశంలో ప్రభుత్వం పెట్టే పనులు తప్ప వేరే ఏవీ చేపట్టరాదని లోక్‌సభలో తీర్మానం వచ్చింది. దాన్ని ప్రతిపాదించింది పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి రఘురామయ్య. దానితో ప్రశ్నోత్తరాల సమయం ఆగిపోయింది. సభ్యులు సొంతంగా తెచ్చే తీర్మానాలు, బిల్లులు కూడా ఆగాయి. ప్రతిపక్షం అభ్యంతరం చెప్పినా తీర్మానం నెగ్గింది.

ప్రశ్నోత్తరాల సమయమంటే ఏమిటో గ్రామాల వారు తెలుసుకోవాలి. రేపల్లె నుంచి వెళ్ళినా, బాపట్ల నుంచి వెళ్ళినా, ఏ పక్షం సభ్యుడయినా లేచి మంత్రిని నిలదీయగలిగే వేళ అది. ఎరువు ఎందుకు రాలేదని, తుపాను సాయం ఎవరికి చేరిందని అడగవచ్చు. మంత్రి జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబు అచ్చులో నిలిచిపోతుంది. అది ఆగితే సభ్యుడు సభలో వున్నా గొంతు కట్టేసినట్టే. ఆ వర్షాకాల సమావేశంలోనే రాజ్యాంగానికి 38, 39 సవరణలు చకచకా నెగ్గాయి. 39వ సవరణ ప్రధాని ఎన్నిక విషయాన్ని కోర్టుల విచారణ నుంచి తప్పించింది. 1976లో సభ గడువును ఎన్నికలు లేకుండానే పొడిగించారు.

సభ సజావుగా సాగాలని యేళ్ళ తరబడి పాటుపడిన మనిషే సభ్యుల నోట ప్రశ్న లేకుండా చేసే తీర్మానాన్ని చేతిలో పట్టుకోవలసి వచ్చింది. అది మంత్రివర్గం నిర్ణయం, ఆయన ఒక్కరిదే కాదని అభిమానులు అనవచ్చు. అందులో నిజం వుంది. కాని తీర్మానం మీద వున్నది ఆయన పేరే. ఒకరికి తోడుగా పనిచేసేవారికి ఈ చిక్కు ఎప్పుడూ వుంటుంది. యజమాని మాట చెల్లించాలా, పని ధర్మం నిలబెట్టాలా అన్న ప్రశ్న ఒక రోజు ఎదురవుతుంది. లస్కరు తాళం చెవి పై అధికారి ఆజ్ఞతోనే తిప్పుతాడు. అయినా తడి అందని రైతుకు ఎదురుగా కనిపించేది లస్కరే.

జనం తీర్పు

1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెసు కొట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 గెలిచింది. నంద్యాలలో ఒక్కచోట జనతా అభ్యర్థి సంజీవరెడ్డి నెగ్గారు. గుంటూరు ప్రజలు రఘురామయ్యను ఆరోసారి పంపారు. పాతికేళ్ళలో ఎక్కువ కాలం పాలకపక్షం వరుసల్లో కూర్చున్న ఆయన ఈ సారి ప్రతిపక్షం వైపు కూర్చున్నారు. ప్రశ్నలు అడిగే వంతు తమకు వచ్చాకే ఆ గంట విలువ ఏ పార్టీకైనా బాగా తెలుస్తుంది.

ఆ పదవీకాలం పూర్తికాకుండానే 1979లో రఘురామయ్య కన్నుమూశారు. 1980 ఎన్నికల్లో గుంటూరు స్థానం ఆచార్య రంగాకు దక్కింది. ఒకే గడ్డ నుంచి వెళ్ళిన ఈ ఇద్దరిదీ వేరువేరు దారి. రంగా రైతుల కోసం సభలో గొంతెత్తారు, 1959లో కాంగ్రెసు విడిచి స్వతంత్ర పార్టీ కట్టారు. రఘురామయ్య ఒకే గొడుగు కింద వుండి, మాట్లాడేవారికి, పాలించేవారికి సభను అమర్చిపెట్టారు. పార్లమెంటుకు రెండు రకాల మనుషులూ కావాలి.

రఘురామయ్య మొదట గెలిచిన తెనాలి లోక్‌సభ స్థానం ఇప్పుడు లేదు. పునర్విభజన తరువాత 2009 ఎన్నికల నుంచి తెనాలి ఓటర్లు గుంటూరు స్థానానికి, రేపల్లె, బాపట్ల ఓటర్లు బాపట్ల స్థానానికి ఓటు వేస్తున్నారు. 2022లో జిల్లాలు కూడా విడిపోయాయి. మారనిది సభ్యుని పని. 2020 సెప్టెంబరులో కరోనా కారణంగా ప్రశ్నోత్తరాల సమయం మళ్ళీ ఆగినప్పుడు, రాతమూలక జవాబులు మాత్రం ఇచ్చారు. కారణాలు వేరయినా, ఆ గంట లేకపోతే నష్టపోయేది ఎవరో ఒకటే జవాబు.

ఓటు అడగ వచ్చిన నాయకుణ్ణి మనం రోడ్డు వేస్తావా, పింఛను ఇప్పిస్తావా అని అడుగుతాం. సభకు ఎన్ని రోజులు వెళ్ళావు, మా వూరి గురించి ఎన్ని ప్రశ్నలు వేశావు, మంత్రి ఇచ్చిన మాట ఏమయిందో కనుక్కున్నావా అని కూడా అడగాలి. సంగం జాగర్లమూడి నుంచి వెళ్ళిన పెద్దమనిషి జీవితంలోని మంచి, చెడు రెండూ మనకు నేర్పేది అదే.