అక్బరు పాదుషా పావురాల పరీక్ష



మన సంఘం సంచికలో యేటా ఒక ప్రసిద్ధ పురుషుని జీవితం వ్రాస్తున్నాము. ఈసారి ఎవరిని గూర్చి వ్రాద్దామా అని అనుకుంటూ వుండగా విషయం దానంతటదే గుమ్మంలోకి వచ్చింది. మన పేటలోని ఒక తండ్రి సంఘం ఆఫీసుకు వచ్చి, కొడుకు పుస్తకం ముట్టడం లేదనీ, తెల్లారింది మొదలు మిద్దె మీద కబూతర్లతోనే పొద్దుపుచ్చుతున్నాడనీ, వాడిక దేనికీ పనికిరాడనీ గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆయన వెళ్ళిపోయిన తరువాత మాలో ఒకరు నవ్వి, చదువు అబ్బక పావురాలు ఎగరేసిన పిల్లవాడొకడు హిందూస్తానాన్ని 49 సంవత్సరాలు ఏలినాడు గదా అని గుర్తు చేశారు. ఆ పిల్లవాడే జలాలుద్దీన్ ముహమ్మద్ అక్బరు.

అక్బరు యుద్ధాలు, కట్టడాలు మన పిల్లలు బడి పుస్తకాల్లో చదువుతూనే వున్నారు. ఆయన పావురాలను గూర్చి మాత్రం చదివినవాళ్ళు తక్కువ. అందుచేత ఆ జీవితాన్ని ఈసారి పావురాల గూటి వైపు నుంచి చూద్దామని తలచాము.

పావురాల సరదా ఆ వంశంలో ముందు నుంచీ వున్నదే. అక్బరు తాత బాబరు. బాబరు తండ్రి ఉమర్ షేఖ్ మీర్జా, ఫర్గానా ప్రభువు. అఖ్సీ కోటలో లోయ అంచున ఆయన పావురాల గూడు కట్టించుకున్నాడు. 1494లో ఒకనాడు ఆ కట్టడం కాస్తా లోయలోకి కూలిపోయింది. దానితో పాటు ఆయనా పడి చనిపోయాడు. పన్నెండేళ్ళు నిండని బాబరు సింహాసనం ఎక్కవలసి వచ్చింది. ఒక రకంగా చూస్తే మొగలుల కథ కూలిపోయిన పావురాల గూటి దగ్గరే మొదలయిందని చెప్పవచ్చు.

అక్బరు 1542 అక్టోబరు 15న సింధు దేశంలోని ఉమర్‌కోటలో పుట్టాడు. అప్పటికి తండ్రి హుమాయూన్ షేర్‌షా చేతిలో ఓడి, రాజ్యం పోగొట్టుకుని, ఎడారుల వెంట తిరుగుతున్నాడు. యేడాది నిండీ నిండక ముందే బిడ్డ తలిదండ్రులకు దూరమై పినతండ్రి అస్కరీ ఇంట పెరిగాడు. 1545లో గానీ మళ్ళీ తండ్రి దగ్గరకు చేరలేదు. 1547లో అక్షరాభ్యాసానికి మంచి ముహూర్తం పెట్టిస్తే, సరిగ్గా ఆ వేళకు పిల్లవాడు ఆటలకు పోయి ఎవరికీ కనపడలేదట. మొదటి గురువు ముల్లా ఇసాముద్దీన్. ఆయనకు పాఠం కన్నా పావురాల మీద ధ్యాస ఎక్కువని తేలి, ఆయనను తీసి మౌలానా బాయజీద్‌ను పెట్టారు. గురువులు మారినా చదవడం, వ్రాయడం అక్బరుకు పట్టుబడలేదు. పావురాలు మాత్రం పట్టుబడినాయి.

1556 జనవరిలో హుమాయూన్ ఢిల్లీలో మెట్ల మీద నుంచి జారిపడి చనిపోయాడు. ఫిబ్రవరి 14న కలానౌర్‌లో 13 ఏళ్ళ అక్బరును గద్దె ఎక్కించారు. అదే యేడు నవంబరులో రెండవ పానిపట్టు యుద్ధం గెలిచారు. 1560 దాకా పెత్తనమంతా బైరాంఖానుది. ఆ తరువాత అక్బరు తానే పగ్గాలు పట్టాడు. యుద్ధఖైదీలను బానిసలు చేయడాన్ని 1562లో మాన్పించాడు. హిందూ యాత్రికుల మీది పన్నును 1563లోనూ, జిజియా పన్నును 1564లోనూ తీసివేశాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. అక్బరు చిత్తూరు కోటను పట్టుకున్నాడని మన పిల్లలు చదివి, అది మన చిత్తూరే అనుకుంటూ వుంటారు. అది రాజపుత్రుల చిత్తోడు. 1568 ఫిబ్రవరిలో ఆ కోట పట్టుబడిన తరువాత వేలాది సామాన్య జనాన్ని చంపించడం అక్బరు చరిత్రలో చెరగని మచ్చ. మంచిని చెప్పేటప్పుడు చెడ్డను దాచడం న్యాయం కాదు గనుక అదీ వ్రాస్తున్నాము. మన చిత్తూరు సీమ అక్బరు ఏలుబడిలో ఎన్నడూ లేదు. ఆయన చివరి కాలంలో మన చంద్రగిరి కోట విజయనగర ప్రభువు వెంకటపతి రాయల రాజధాని.

ఇక అసలు విషయానికి వద్దాము. రాజ్యభారం మీద పడ్డాక అక్బరు చాలాకాలం పావురాలు ఎగరేయడం మానుకున్నాడు. నడివయసులో మళ్ళీ మొదలు పెట్టాడు. ఈసారి ఆటగా కాదు, శాస్త్రంగా. ఈ వివరాలన్నీ ఆయన మంత్రి అబుల్ ఫజల్ ఐనె అక్బరీ గ్రంథంలో వ్రాసి పెట్టాడు. పావురాల ఆటకు అక్బరు పెట్టిన పేరు ఇష్క్‌బాజీ, అంటే ప్రేమ ఆట. ఆయన పాలసోదరుడు అజీజ్ కోకా దగ్గర ఒక నీలివన్నె పావురం వుండేది. అది అక్బరు చేతికి వచ్చి, మోహన అనే పేరుతో రాజుగారి గూళ్ళకు పెద్ద అయింది. అష్కీ, పరీజాద్, అల్మాస్, షాహ్ ఊద్ అనేవి దాని సంతానం. ఇరాన్, తూరాన్ రాజులు కానుకగా పావురాలు పంపేవారు. ఆస్థానంలో 20,000కు పైగా పావురాలుండగా, అందులో రాజుగారి సొంతానికి ఏరినవి 500 మాత్రమే.

ఇరవై వేలలో ఆ ఐదు వందలను ఏరడం ఎట్లా? మన మిద్దెల మీది పావురాల వాళ్ళు ఈనాటికీ తలలు పట్టుకునే ప్రశ్న ఇదే.

పాతకాలపు నిపుణులకు తెలిసిన గుర్తులు మూడే. కాలు మెలిపెట్టి చూడడం, కంటి చీలిక చూడడం, ముక్కు పైని రంధ్రాలు చూడడం. అక్బరు ఈ మూడింటినీ విడదీశాడు. రెండు కళ్ళను వేర్వేరుగా, వాటి పై గుర్తులు, కింది గుర్తులు, ఎనిమిది గోళ్ళు, ముక్కుకు రెండు పక్కలు, పైనా కిందా. వీటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడమన్నాడు. ఆపైన కాళ్ళ మీది ఉంగరాల వంటి పొలుసుల రకం, రంగు చూడమన్నాడు. చూసినదంతా వరుసగా ఒక పుస్తకంలోకి ఎక్కించారు. దాన్ని బట్టి పావురాలను పది తరగతులు చేసి, తరగతికొక గూడు కట్టించారు. రెండో తరగతి జత ధర 3 రూపాయలు. దిగుతూ దిగుతూ తొమ్మిది, పది తరగతుల జత ఆరణాలు. మొదటి తరగతికి మాత్రం ధరకు హద్దు లేదు. పావురాల నౌకర్ల జీతం నెలకు 2 రూపాయల నుంచి 48 దాకా వుండేది. అంటే అడుగున వున్న నౌకరుకు రెండో తరగతి జత ఒక్కటి నెల జీతం కన్నా ఎక్కువన్నమాట. మంచి పావురాలను తయారు చేసి పైకి వచ్చిన పేదవాళ్ళు చాలామంది వున్నారని అబుల్ ఫజల్ వ్రాశాడు. పేరుపడ్డ నిపుణుల పట్టికలో బుఖారా ఖుల్ అలీ, సమర్ఖండు మస్తీలతో పాటు హీరానంద్ పేరు కూడా వుంది. కులం, దేశం అడగలేదు, పనితనమే చూశారు.

మమ్మల్ని అన్నిటికన్నా ఆకట్టుకున్నది మరొక సంగతి. పావురం గాలిలో పల్టీ కొట్టేటప్పుడు నిజంగా తిరగబడదనీ, రెండు రెక్కలూ కలుసుకోవడం వల్ల చూసేవారికి అట్లా భ్రమ కలుగుతుందనీ కొందరు వాదించేవారు. రాజుగారు వాదంలోకి దిగలేదు. ఒక పావురం రెక్క ఒకటి నల్లరంగు పూయించి ఎగరేయించాడు. ఆ వాదం తప్పని అందరి కళ్ళకూ తేటతెల్లమయింది. చదువురాని మనిషి చేసిన పని ఇది. సందేహం వస్తే పరీక్ష పెట్టి చూడడమే గదా విద్య అంటే!

సాకడంలోనూ లెక్క వుండేది. జత కట్టేటప్పుడు అందంలోనూ ఆటలోనూ సరిజోడు కావాలి. రెక్కకు పది ఈకలు లెక్కపెట్టి, ఎనిమిది రాలినాయంటే ఎగరనివ్వకుండా విశ్రాంతి ఇచ్చేవారు. రెండు నెలల్లో కొత్త ఈకలు వచ్చి పావురం బలం పుంజుకున్నాక మళ్ళీ వదిలేవారు. ఎగిరే పావురాలు నూటికి రోజుకు 4 సేర్ల గింజలు, అదీ చిరుధాన్యం మాత్రమే. తక్కినవాటికి ఏడు రకాల గింజలు కలిపి నూటికి 5 సేర్లు. మేలైన పావురం 15 చక్కర్లు, 70 పల్టీలు కొట్టేదట. దండు కదిలితే గూళ్ళను బోయీలు మోస్తుంటే పావురాలు వెంట ఎగురుతూ పోయేవి.

అక్బరు కాలంలో మెప్పు పల్టీలకు. ఈనాటి పందెపు పావురానికి కావలసింది దూరం నుంచి ఇల్లు చేరడం. చెన్నపట్నం ఈ పందేలకు పేరు పడ్డది గనుక మన తిరుపతి, చిత్తూరు కుర్రవాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. అయినా చూసే గుర్తులు నాలుగు వందల యేళ్ళ తరువాత కూడా దగ్గర దగ్గరగా అవే. పావురాన్ని చేతిలోకి తీసుకుంటే బరువు ముందుకూ వెనక్కూ తూగకుండా సమంగా వుండాలి. రొమ్ము ఎముక నిటారుగా, మరీ లోతు లేకుండా వుండాలి. వెనక తోక కింది సన్నని ఎముకలు రెండూ దగ్గరగా, గట్టిగా వుండాలి. ఈక పట్టులాగా మెత్తగా వుండాలి. రెక్క విప్పితే పది పెద్ద ఈకల్లో చివరివాటి మధ్య గాలి పోవడానికి సందు వుండాలి. నోరు తెరిస్తే గొంతు గులాబీ రంగుగా, శుభ్రంగా వుండాలి. ముక్కు మీది కండ తెల్లగా వుండాలి. ఇక కన్ను సంగతి చెప్పనే అక్కరలేదు. నల్లగుడ్డు చుట్టూ వుండే సన్నని వలయాన్ని భూతద్దం పెట్టి చూసి జాతకం చెప్పేవాళ్ళు దేశదేశాలా వున్నారు.

ఇందులో కొన్ని గుర్తులకు కారణం తేలికగానే తెలుస్తుంది. ఈక, ఎముక, గొంతు ఇవన్నీ బలానికీ ఆరోగ్యానికీ సంబంధించినవి. కంటి వలయాన్ని బట్టి గెలుపు చెప్పవచ్చుననడానికి మాత్రం గట్టి రుజువు లేదు. దారి తెలుసుకునే తెలివి చేతికి దొరికే వస్తువు కాదు. సూర్యుని దిక్కు, భూమి అయస్కాంత శక్తి, గాలిలోని వాసనలు ఇవన్నీ పావురానికి తోడ్పడతాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. అందుకే అనుభవం వున్నవాళ్ళు గుర్తులన్నీ చూసి కూడా ఆఖరు తీర్పు బుట్టకే వదిలేస్తారు. బుట్టలో పెట్టి దూరం తీసుకుపోయి వదిలితే, ఏది ఇల్లు చేరితే అదే మంచి పావురం.

అక్బరు ముసలితనాన్ని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. పావురాల్లో పది తరగతులు కనిపెట్టిన కన్ను కన్నబిడ్డల దగ్గర ఓడిపోయింది. మురాద్ తాగుడుకు బలై 1599లో చనిపోయాడు. దానియాల్ కూడా అదే దారిన 1605లో పోయాడు. పెద్దవాడు సలీం అలహాబాదులో వేరు కొలువు పెట్టి తండ్రి మీద తిరగబడ్డాడు. ఈ పావురాల ముచ్చట్లన్నీ మనకు వ్రాసిపెట్టిన అబుల్ ఫజల్‌ను 1602లో చంపించింది ఆ సలీమే. మిత్రుని చావుతో అక్బరు కుంగిపోయాడు. ఎంత ఎత్తుకు ఎగిరినా సాయంత్రానికి పావురాలు గూటికి చేరేవి. కొడుకు మాత్రం తండ్రి చివరి రోజుల దాకా మనస్ఫూర్తిగా చేరలేదు. 1605 అక్టోబరు 27న అక్బరు ఆగ్రాలో కన్నుమూశాడు. సికందరాలో ఆయన సమాధి వుంది. మత విషయాల్లో ఆయన నడిచిన దారి మీద ఆనాటి ఉలమాల్లో చాలామందికి అభ్యంతరాలుండేవి. ఆ తీర్పు చెప్పడానికి మేము తగము.

మొదట చెప్పిన తండ్రి మాట మిగిలింది. మేము ఇద్దరం ఒకనాడు అసర్ నమాజు తరువాత వాళ్ళ మిద్దె ఎక్కాము. పిల్లవాడు భయపడుతూనే పావురాలను ఒక్కొక్కటిగా చేతికిచ్చాడు. గూటి పక్కన సున్నం మరకలు పడిన నోటుబుక్కు ఒకటి కనపడింది. తెరిచి చూస్తే ఏ పావురం ఏ తేదీన పిగిలింది, తల్లి ఏది, తండ్రి ఏది, రేణిగుంట దగ్గర వదిలితే ఎన్ని నిముషాలకు వచ్చింది, ఏ ఈక ఎప్పుడు రాలింది, అన్నీ గీతలు కొట్టి పట్టికలుగా వ్రాసివున్నాయి. పుస్తకం ముట్టడని ఏడ్చిన తండ్రికి ఆ పుస్తకం ఇన్నాళ్ళూ కంట పడనే లేదు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిరగేశాడు. ఏమీ మాట్లాడలేదు.

గూళ్ళు పీకేయవద్దని ఆయనకు చెప్పాము. డబ్బు కట్టి పందెం ఆడితే అది జూదం, హరాం అనీ, బడీ నమాజూ తప్పితే మేమే వచ్చి గూళ్ళు విప్పేస్తామనీ పిల్లవానికి చెప్పాము. వాడు ఒప్పుకున్నాడు. పరీక్షలు ఇంకా ముందున్నాయి. ఏమవుతుందో అల్లాహ్‌కే తెలియాలి.

సోదరులారా, ఒక పావురాన్ని తీసుకునే ముందు కన్ను, ముక్కు, గోరు, రెక్క అన్నీ చూస్తాము. మార్కుల కాగితం ఒక్కటే చూసి మన బిడ్డను పదో తరగతి గూట్లో పడేయడం ఏం న్యాయం? వాణ్ణి కూడా నాలుగు వైపులా చూడాలి, సందేహముంటే పరీక్ష పెట్టి చూడాలి. కొంత దూరం వదిలి, తిరిగి వచ్చేదాకా గూటి తలుపు తెరిచి వుంచాలి. అటువంటి ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.