జోసెఫ్ విట్‌వర్త్

సర్ జోసెఫ్ విట్‌వర్త్ (డిసెంబర్ 21, 1803 - జనవరి 22, 1887) ప్రసిద్ధి చెందిన ఆంగ్ల ఇంజనీరు. ఈయన ఇంగ్లాండులోని స్టాక్‌పోర్టులో జన్మించాడు. 1854లో బ్రిటిషు ప్రభుత్వం ఎన్‌ఫీల్డు రైఫిలు తయారీకి యంత్రాలు రూపొందించమని కోరగా, ముందు తుపాకీ గొట్టం ఎలా ఉండాలో ప్రయోగాలతో తేల్చడానికి పూనుకున్నాడు.

ఎన్‌ఫీల్డు గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళాలు, లోపలి గాడులు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి. విట్‌వర్త్ ఆ వ్యాసాన్ని 0.451 అంగుళాలకు తగ్గించి, రంధ్రాన్ని ఆరు పలకలుగా మలచి, 20 అంగుళాలకే ఒక చుట్టు తిప్పాడు. అందువలన పొడవైన గుండు వేగంగా తిరుగుతూ ఎక్కువ దూరం గురి తప్పక సాగేది. 1857 పరీక్షలలో ఈ రైఫిలు ఎన్‌ఫీల్డును మించింది. అయినా ఖర్చు ఎక్కువనీ, సన్నని రంధ్రంలో మందుమసి త్వరగా పేరుకుంటుందనీ సైన్యం తిరస్కరించింది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల గురికాండ్రు దీనిని ఉపయోగించారు.

ఈయన మొనాకోలోని మాంటే కార్లోలో మరణించాడు.